రేకుల గోదాము: కొనే ముందు, నిలబెట్టే ముందు

కిందటి సంచికలో ధాన్యం, మిర్చి నిల్వ గురించి రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయాన్ని అడిగాయి. ఫ్యాక్టరీలో తయారై, విడిభాగాలుగా లారీలో వచ్చి, మన స్థలంలో బోల్టులతో బిగించుకునే ఇనుప గోదాములు ఎలా కొనాలి, ఎలా నిలబెట్టాలి అన్నదే ఆ విషయం. వాటిలో ఆరింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. ఉత్తరాలను కుదించాము. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర సముద్రానికి 15 కిలోమీటర్ల దూరంలోని గ్రామం. ధాన్యానికీ ఎరువులకీ కలిపి 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుతో ఇనుప గోదాము వేయాలనుకుంటున్నాము. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాము. ముగ్గురూ చదరపు అడుగుకు ఇంత అనే చెప్పారు కాని, తక్కువ చెప్పినవారికీ ఎక్కువ చెప్పినవారికీ దాదాపు మూడో వంతు తేడా ఉంది. అందరిదీ ఇనుమే కదా, ఇంత తేడా ఎందుకు? ఎవరికి ఇవ్వమంటారు?

జవాబు: మీరు పంపిన ప్రతులను శ్రద్ధగా చదివాను. మూడింటిలోనూ రేకు రంగు ఉంది, షట్టరు కొలత ఉంది, అడ్వాన్సు ఎంతో ఉంది. ఏ గాలికి తట్టుకునేటట్లు లెక్క కట్టారో మాత్రం ఒక్కదానిలోనూ లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మీ బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రోజును చూసిన ఊరివారు ముందుగా అడగవలసిన ప్రశ్న చదరపు అడుగు ధర కాదు.

మన దేశంలో కట్టడాలపై గాలి బరువును లెక్కించే ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం. దాని ప్రకారం విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరులకు మూల గాలి వేగం, అంటే లెక్కకు ఆధారంగా తీసుకోవలసిన వేగం, సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44, కర్నూలుకు 39 మీటర్లు. గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది కనుక 39కీ 50కీ మధ్య తేడా చూడడానికి పదకొండే అయినా, ఒత్తిడిలో అది అరవై శాతం దాటుతుంది. పైగా 2015లో సవరించిన ప్రతిలో, తూర్పు తీరం వంటి తుపాను ప్రాంతాలలో సముద్రం నుంచి 60 కిలోమీటర్ల వరకు ఉన్న పట్టీకి, ఆ వేగాన్ని హెచ్చించే అదనపు గుణకాన్ని చేర్చారు. పారిశ్రామిక కట్టడాలకు అది 1.15. మీ ఊరు ఆ పట్టీలోనే ఉంది. కర్నూలులో బాగానే నిలబడిన డిజైనును కొలతలు మార్చకుండా మీకు అమ్మితే ధర తప్పకుండా తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. పెంకుటిల్లు గాని, స్లాబు ఇల్లు గాని భూమిలోకి దిగబడకూడదని పునాది వేస్తాము. ఇనుప షెడ్డుకు పునాది వేసేది ప్రధానంగా అది పైకి లేవకుండా ఉండడానికి. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. తక్కువ వాలు ఉన్న కప్పు మీదుగా ఆ గాలి దాటేటప్పుడు కప్పును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. ఎదురుగాలి వైపు షట్టరు ఊడిపోతే లోపలి నుంచి కూడా గాలి కప్పును తోస్తుంది. ఈ రెండూ కలిసి చదరపు మీటరుకు 100 కిలోలు పైకి లాగుతున్నాయనుకుందాం. మీ గోదాములో 20 అడుగులకు ఒక ఫ్రేము, అంటే రెండు స్తంభాలూ వాటిని కలిపే దూలమూ, పెడితే మధ్యనున్న ఒక్కొక్క స్తంభం వాటాకు 400 చదరపు అడుగుల కప్పు వస్తుంది, అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. పైకి లాగే బలం 3.7 టన్నులు. రేకులు, వాటి కింద ఫ్రేము నుంచి ఫ్రేముకు వేసే పర్లిన్లు అనే పట్టెలు, ఫ్రేము అంతా కలిపి చదరపు మీటరుకు 25 కిలోలు వేసుకున్నా షెడ్డు సొంత బరువు ఆ వాటాలో టన్నుకు లోపే. మిగిలిన దాదాపు మూడు టన్నులను పట్టి ఉంచవలసింది పునాది కాంక్రీటు, దాని మీది మట్టి, ఆ రెండింటికీ షెడ్డును కట్టే నాలుగు యాంకర్ బోల్టులు. ఇది స్థూలమైన లెక్క మాత్రమే, అసలు లెక్కను స్ట్రక్చరల్ ఇంజినీరు వేయాలి. కాని రెండడుగుల గుంట తీసి బోల్టు పాతితే చాలునని చెప్పేవారికి ఈ లెక్కను చూపించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం కప్పు సైతం దెబ్బతిన్నది.

ఇక ధర సంగతి. చదరపు అడుగు లెక్కన అమ్మేవారికి ఇనుము తగ్గించడంలో లాభం ఉంటుంది. కిలో లెక్కన అమ్మేవారికి ఇనుము పెంచడంలో లాభం ఉంటుంది. అందుచేత ఈ రెండు పద్ధతులూ నాకు నచ్చవు. ముందు డ్రాయింగు, అందులో ప్రతి భాగం కొలత, మొత్తం బరువు కాగితం మీద పెట్టించి, దానికి ఒక్క మొత్తంగా ధర మాట్లాడుకోవడం మేలు. లెక్కకు తీసుకున్న గాలి వేగం, ఫ్రేము ఉక్కు గ్రేడు, రేకు మూల మందం (పూత కలపకుండా ఉక్కు మందం), దాని పూత, పునాది మీద పడే బలాల పట్టిక, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఆ కాగితాలలో ఉండాలి. యాంకర్ బోల్టులు, వాననీటి గొట్టాలు, రవాణా, దించుబడి, క్రేను ఎవరి ఖర్చో రాసి ఉండాలి. 18 శాతం జీఎస్టీ ధరలో కలిసి ఉందో, పైన వేస్తారో కూడా రాయించండి. కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొందరు గోడ నుంచి గోడకు కొలిస్తే, కొందరు బయటికి వచ్చిన చూరును కూడా కలిపి లెక్క కడతారు. ఎత్తు 20 అడుగులని రాసినంత మాత్రాన లారీ 20 అడుగుల ఎత్తున లోపలికి రాదు. అది చూరు దగ్గరి ఎత్తు. స్తంభమూ దూలమూ కలిసే మూల దగ్గర ఫ్రేము లావుగా ఉంటుంది కనుక అక్కడ దొరికే ఖాళీ ఎత్తు తగ్గుతుంది. ఖాళీ ఎత్తు ఎంతో విడిగా రాయించుకోండి.

రేకు మందం దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది. 0.50 మిల్లీమీటర్ల రేకు అన్నప్పుడు పూత, రంగు కలిపి 0.50 అనా, లేక లోపలి ఉక్కు ఒక్కటే 0.50 అనా అని అడగండి. సాధారణంగా మొదటిదే అవుతుంది, అప్పుడు ఉక్కు 0.45 దగ్గర ఉంటుంది. దానికి పరీక్ష మీ ఇంట్లోనే ఉంది. రంగు రేకులు ఎక్కువగా 1220 మిల్లీమీటర్ల వెడల్పు చుట్ట నుంచి ఒత్తి తీస్తారు. ఆ వెడల్పున 0.45 ఉక్కు ఉన్న రేకు మీటరు పొడవుకు సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది, 20 అడుగుల రేకు 27 కిలోల దగ్గర ఉంటుంది. ఉక్కు 0.40 అయితే అదే రేకు 25 కిలోలు కూడా రాదు. లారీ దిగిన రోజున నాలుగు రేకులు తీసి బస్తాలు తూచే కాటా మీద పెట్టండి. చుట్ట వెడల్పు 1220 కాదని అమ్మకందారు చెబితే రేకును అడ్డంగా, మడతల వెంట టేపు ఆనించి కొలవండి.

ఈ వివరాలన్నీ రాసి ఇవ్వడానికి ఒప్పుకున్నవారికే పని ఇవ్వండి. మీరు పంపిన మూడింటిలో ఎక్కువ ధర చెప్పినవారు కూడా ఈ వివరాలు ఇవ్వలేదు కనుక, ఎక్కువ ధర ఉన్నది మంచిదని కూడా నేను అనలేను. చివరి పది శాతం సొమ్మును ఒక వాన గడిచేదాకా ఆపుకొనే షరతు పెట్టండి.

ప్రశ్న: మాది నల్లరేగడి నేల. పునాది మేమే మేస్త్రీతో వేయించుకుంటే కంపెనీవారు ధర తగ్గిస్తామంటున్నారు. వేయించుకోవచ్చా? (నంద్యాల జిల్లా)

జవాబు: వేయించుకోవచ్చు. కాని రెండు షరతులు. మొదటిది, నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కనుక పైపై గుంటలు పనికిరావు. నేల పరీక్ష చేయించి, ఇంజినీరు చెప్పిన లోతుకు దిగాలి. ఆ మట్టిని తీసి మొరం నింపుతారో, అడుగున ఉబ్బు ఉండే పైల్స్ వేస్తారో ఆ పరీక్షను బట్టే తేలుతుంది. నేల గచ్చు కింద కూడా రేగడిని అలాగే వదిలేస్తే రెండేళ్లలో గచ్చు లేచిపోతుంది.

రెండవది యాంకర్ బోల్టులు. మేస్త్రీకి అర అంగుళం తేడా పెద్దది కాదు, గోడకు ప్లాస్టరుతో సరిచేస్తాడు. ఫ్యాక్టరీలో రంధ్రం వేసి వచ్చిన బేస్ ప్లేటుకు, అంటే స్తంభం అడుగున ఉండే పలకకు, అర అంగుళం తేడా అంటే స్తంభం కూర్చోదు. నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను పర్యవేక్షించిన ఒక గోదాములో బోల్టులను సరిగ్గానే నిలబెట్టాము. కాంక్రీటు పోస్తుండగా వైబ్రేటరు గొట్టం అడ్డు వస్తోందని కూలీ ఒకరు బోల్టులను కదలకుండా పట్టి ఉంచే రంధ్రాల పలకను, అంటే పైనున్న చెక్క టెంప్లేటును తీసి పక్కన పెట్టారు. రెండు బోల్టులు 20 మిల్లీమీటర్లు జరిగాయి. మూడు వారాల తరువాత స్తంభాలు వచ్చినప్పుడు, నేను భోజనానికి వెళ్లిన గంటలో, ఫిట్టర్లు గ్యాస్ కట్టరుతో బేస్ ప్లేటు రంధ్రాలను అరచేతి వెడల్పున కోసి, స్తంభాన్ని నిలబెట్టి, పైన వాషరు వేసి బిగించేశారు. చూడడానికి అంతా బాగుంది. ఆ స్తంభాన్ని దించి, కొత్త ప్లేటు వేయించి, మళ్లీ నిలబెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. తప్పు నాదే, కాంక్రీటు పోసే రోజున అక్కడినుంచి కదలకుండా ఉండవలసింది.

కనుక టెంప్లేటును చెక్కతో కాకుండా ఇనుప పలకతో, అదే కంపెనీ దగ్గర చేయించి, కాంక్రీటు గట్టిపడేదాకా తీయవద్దు. బోల్టు మరల మీద గుడ్డో ప్లాస్టిక్కో చుట్టించండి. కాంక్రీటు పోసిన తరువాత వరుస నుంచి వరుసకు, ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలిచి, ఆ కొలతలను కంపెనీకి రాతపూర్వకంగా పంపిన తరువాతనే స్తంభాలను లారీ ఎక్కించమనండి. బేస్ ప్లేటుకూ కాంక్రీటుకూ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉంచి, ఫ్రేములు నిటారుగా నిలిచిన తరువాత దానిని ఎండినా కుంచించుకుపోని గ్రౌటుతో (సందులు నింపే పలుచని సిమెంటు మిశ్రమంతో) నింపాలి. మామూలు సిమెంటు ముద్ద కుక్కి వదిలేయడం చాలాచోట్ల చూస్తున్నాను, అది ఎండి విడిపోతుంది.

ప్రశ్న: 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న చిన్న షెడ్డు విడిభాగాలు తెప్పించాము. మా బావమరిదికి ఊళ్లో వెల్డింగు షాపు ఉంది. అతనూ అతని కుర్రవాళ్లూ బిగిస్తామంటున్నారు. సాధ్యమేనా? (జగిత్యాల జిల్లా)

జవాబు: ఈ పరిమాణం వరకు సాధ్యమే. అయితే మీ బావమరిదిగారు వెల్డింగు మిషనును ఇంటి దగ్గరే వదిలి రావాలి. ఇది హాస్యానికి అనడం లేదు. బోల్టు రంధ్రం కలవనప్పుడు వెల్డింగు తెలిసినవారి చేయి ముందుగా ఆ మిషను మీదికే పోతుంది. పూత ఉన్న పర్లిన్ మీద వెల్డింగు పెడితే ఆ చోట పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. పైగా రంధ్రం కలవడం లేదంటే సాధారణంగా ఫ్రేము నిటారుగా లేదని, లేదా భాగం తారుమారైందని అర్థం.

భాగాలు దిగగానే ప్యాకింగు జాబితాతో ఒక్కొక్క గుర్తును సరిచూడండి. రేకుల కట్టను నేల మీద చదునుగా పడుకోబెట్టవద్దు. ఒక చివర ఎత్తుగా ఉండేటట్లు దుంగల మీద పెట్టి, గాలి ఆడేటట్లు పైన కప్పండి. కట్టలోకి దిగిన నీరు రేకుకూ రేకుకూ మధ్య నిలిచిపోతే వారం పది రోజులలోనే తెల్లని పొడిలాంటి తుప్పు పడుతుంది, కొత్త రేకు పాతదైపోతుంది.

ఫ్రేములు ఎత్తే రోజున ఒక నియమాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తప్పవద్దు. ఒంటి ఫ్రేమును నిలబెట్టి సాయంత్రం ఇంటికి పోకూడదు. డ్రాయింగులో అడ్డ బిగింపు కడ్డీలు ఏ రెండు ఫ్రేముల మధ్య చూపారో ఆ రెండింటిని మొదట ఎత్తాలి. వాటి మధ్య పర్లిన్లు వేసి, ఏటవాలు కడ్డీలు బిగించి, తూకం గుండుతో నిటారు చూసి, నాలుగు వైపులా తాళ్లతో కట్టి అప్పుడు మూడవదానికి పోవాలి. గోదాముకు వెన్నెముక ఆ మొదటి గది. కట్టడం పూర్తయిన తరువాత కూడా అడ్డుగా ఉన్నాయని ఆ కడ్డీలను విప్పి ట్రాక్టరుకు దారి చేసేవారున్నారు, మీరు ఆ పని చేయకండి. హైడ్రా క్రేను పెట్టే ముందు పైన 11 కె.వి. తీగలు ఉన్నాయేమో చూసి, ఉంటే విద్యుత్తు సిబ్బందికి చెప్పి సరఫరా ఆపించిన తరువాతనే దానిని లోపలికి రానివ్వండి. రేకులను ఉదయంపూటనే ఎత్తండి. 20 అడుగుల రేకును పట్టుకున్న మనిషిని గాలి తెరచాపలా లాగుతుంది. పైన ఉన్న ప్రతివారికీ నడుము బెల్టు, దానిని కట్టడానికి గట్టి తాడు ఉండాలి.

రేకులు పరచడం మీ ప్రాంతంలో గాలి ఎక్కువగా ఎటునుంచి వస్తుందో దానికి అవతలి చివర నుంచి మొదలుపెడితే, ఒకదానిమీద ఒకటి ఎక్కే అంచు గాలికి నోరు తెరవకుండా ఉంటుంది. స్క్రూలు ఎంత దూరానికి ఒకటి, రేకు మిట్ట మీదనా పల్లంలోనా అన్నది తయారీదారు డ్రాయింగు చెప్పినట్లే చేయండి. చూరు, కొప్పు, మూలల దగ్గర గాలి పీల్పు ఎక్కువ కనుక అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా ఉంటాయి. కుర్రవాళ్లు స్క్రూలు ఆదా చేసేది సరిగ్గా అక్కడే. స్క్రూ కింది రబ్బరు వాషరును చూస్తే బిగింపు తెలుస్తుంది. ఇనుప మూత అంచు నుంచి రబ్బరు కొద్దిగా బయటికి కనిపిస్తే సరిపోయినట్లు. బాగా ఉబికి పగిలితే ఎక్కువైనట్లు, చేత్తో తిప్పితే తిరిగిందా తక్కువైనట్లు. సాయంత్రం దిగే ముందు కప్పు మీద పడిన ఇనుప రజనును మెత్తటి చీపురుతో ఊడ్పించండి. ఆ రాత్రి మంచు పడితే తెల్లవారేసరికి ప్రతి రజను చుట్టూ ఎర్రటి మచ్చ ఉంటుంది, అమ్మినవారు నాసిరకం రేకు ఇచ్చారని తరువాత మీరే నాకు ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: కిందటి ఏడాది కొత్తగా వేసిన షెడ్డులో మిర్చి పెట్టాము. వాన లేకపోయినా చలికాలం తెల్లవారుజామున కప్పు నుంచి చుక్కలు పడి పై వరుస బస్తాలు తడిశాయి. వేసినవారు కారడం లేదని అంటున్నారు. (ఖమ్మం జిల్లా)

జవాబు: వారు చెప్పింది నిజమే, బహుశా కారడం లేదు. రాత్రి నిర్మలమైన ఆకాశం కింద పలుచని రేకు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గోదాము లోపలి గాలి 20 డిగ్రీల వేడిమి, 90 శాతం తేమతో ఉన్నదనుకుంటే, రేకు రెండు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని అడుగున మంచు బిందువులు కట్టి జారుతాయి. చల్లటి చెంబు పైన నీరు పట్టడం లాంటిదే ఇదీ. ఆ తేమ ఎక్కడినుంచి వస్తున్నదో ముందు చూడండి. గచ్చు కింద పాలిథీన్ పరవకపోతే నేల చెమ్మ పైకి వస్తుంది. మిర్చి 10, 11 శాతం తేమకు ఆరకుండానే లోపలికి వచ్చి ఉంటే అదే గాలిని తడుపుతుంది. కప్పు మీద తిరిగే ఫ్యాన్లు పెట్టారు కాని, గోడ అడుగున గాలి లోపలికి వచ్చే జాలీలు లేకపోతే అవి ఉత్తగా తిరుగుతాయి. ఇవి సరిచేసిన తరువాత కూడా పడుతుంటే పర్లిన్ల కింద వెండిరంగు రేకు అంటించిన ఇన్సులేషను వేయించి, అతుకులను లోపలి వైపు టేపుతో మూయించండి. కొత్తగా కట్టేవారు రేకులు వేసేటప్పుడే దీనిని పరిపిస్తే ఖర్చు తక్కువ. ఈలోగా బస్తాలను చెక్క పలకల మీద, గోడకు రెండు రెండున్నర అడుగుల ఎడంగా పెట్టండి. పై వరుస మీద టార్పాలిన్ కప్పితే చుక్కలు ఆగుతాయి కాని, బస్తాల నుంచి వచ్చే తేమ దాని కిందే చిక్కుకుంటుంది కనుక పగటివేళ తీస్తూ ఉండాలి.

ప్రశ్న: యూరియా, పొటాష్ బస్తాలు గోడ రేకుకు ఆనించి పెట్టవచ్చా? గోదాముకు అప్పు దొరుకుతుందా? (పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: పెట్టకండి. చిరిగిన బస్తా నుంచి రాలిన ఎరువు చెమ్మను పీల్చుకొని పూతను తినేస్తుంది. గోడ అడుగున మూడడుగుల వరకు ఇటుకతో కట్టి, దానిమీద రేకు మొదలుపెట్టండి. రేకుకు పచ్చి సిమెంటు తగలకుండా చూసుకోండి, జింకు అల్యూమినియం పూతకు సున్నపు గుణం పడదు. అప్పు గురించి కూడా అడిగారు. 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి పథకంలో గోదాములున్నాయి. 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ గరిష్ఠంగా 7 సంవత్సరాలు ఇచ్చే పథకమది. మీ బ్యాంకులో ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందే అడిగి, అడ్వాన్సు ఆ తరువాత ఇవ్వండి. భూమి మార్పిడి, పంచాయతీ అనుమతి కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ప్రశ్న: హైదరాబాదు శివార్లలో మూతపడిన ఒక ఫ్యాక్టరీ షెడ్డును విప్పి అమ్ముతున్నారు. సగం ధరకు వస్తోంది. తెచ్చి కోనసీమలో వేసుకోవచ్చా?

జవాబు: ఫ్రేములు, పర్లిన్లు మాత్రం కొనవచ్చు, అది కూడా పాత డ్రాయింగులు దొరికితేనే. అవి హైదరాబాదు 44 మీటర్ల గాలికి చేసినవి కనుక మీ తీరంలో అలాగే నిలబెట్టకూడదు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య దూరం తగ్గించి వేస్తే సరిపోతుందేమో ఇంజినీరు లెక్క చూసి చెప్పాలి. దూరం తగ్గితే పర్లిన్లు కోసి కొత్త రంధ్రాలు వేయాలి, ఆ ఖర్చును కూడా బేరంలో చూసుకోండి. రేకులు వద్దు, పాత స్క్రూ రంధ్రాలు మళ్లీ వేసిన పర్లిన్ల మీదికి రావు. విప్పిన బోల్టులను తిరిగి వాడవద్దు. బేరం కుదిరితే, విప్పడం మొదలుపెట్టకముందే మీరు ఒక రోజు అక్కడికి వెళ్లి ప్రతి స్తంభానికీ, ప్రతి దూలానికీ, ప్రతి కడ్డీకీ తెల్ల పెయింటుతో అంకె వేయించి, అంకె కనిపించేటట్లు ఫోటోలు తీసుకోండి. విప్పే పనివారు ఒకసారి లారీలో పడేసిన తరువాత ఏ కడ్డీ ఎక్కడిదో వారికీ తెలియదు.